కోరుట్ల ఉస్తాద్, రికార్డు కాని పాట

పోయిన శుక్రవారం పొద్దున కోరుట్ల నుంచి ఉస్తాద్ బిడ్డ ఫోన్ చేసింది. "అక్కా, మా అబ్బా పోయిండు. జుమ్మా నమాజు కాంగనే తీస్కపోతరట" అంది. నేను సిరిసిల్ల నుంచి బస్సులు మారి చేరేసరికి మట్టి వేసి అందరూ తిరిగి వచ్చేశారు. చివరి చూపు దక్కలేదు. ఆ బాధ ఇంకా తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనది కోరుట్లలో మైకుసెట్టు దుకాణం. తెలంగాణ కోసం రోడ్ల మీద వంటావార్పులు జరిగిన రోజుల్లో మెట్‌పల్లి నుంచి జగిత్యాల దాకా ఏ సభలో చూసినా ఆయన హారన్లే. నేను బీడీలు చుట్టే ఇంటి పిల్లను, డిగ్రీ చదువుతూ ఆ సభల్లో పాడేదాన్ని. ఊరూరా కొత్త పాటలు పుట్టేవి, నాలుగు రోజులకు మరుగున పడేవి. రికార్డు చేద్దామంటే స్టూడియోలన్నీ పట్నంలో ఉండేవి. అందుకని ఉస్తాద్ దుకాణం వెనక గదిలో ఒక పాత కంప్యూటర్ పెట్టి, ఎవరైనా లోపల చూసి మార్చుకోగల లినక్స్ అందులో ఎక్కించారు. అదే ఎందుకని అడిగితే, "మూత ఇప్పనియ్యని మిషన్ నాకద్దు బిడ్డా" అన్నారు.

మూత విప్పడం ఆయనకు సులువే, మాకే చుక్కలు కనిపించేవి. పాట రికార్డు చేయాలంటే ముందు ఒక ప్రోగ్రాం తెరవాలి, తర్వాత ఇంకొకటి, ఆపైన మైకు నుంచి రికార్డుకు తెర మీద గీత గీసి తీగ కలపాలి. నేర్పేటప్పుడు ఉస్తాద్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవారు. మేము ఎంత తడబడినా మౌస్ ముట్టేవారు కాదు. "నేను జేస్తే నాకే అస్తది, నీకెట్ల అస్తది?" అనేవారు. ఆయనకు ఓపిక ఎక్కువని కోరుట్లలో అందరూ అంటారు. మనుషుల మీద అయితే నిజమే. మిషన్ల మీద మాత్రం అంత కోపిష్టిని నేను చూడలేదు.

సమ్మెతో బస్సులు ఆగిపోయిన రోజుల్లో సిరిసిల్లలో మా వాడకట్టు అవ్వ ఒకామెను ఆటోలు మారి ఆయన దగ్గరికి తీసుకుపోయాను. మరమగ్గం దగ్గరే కూలిపోయిన పెనిమిటి మీద ఆమె అప్పటికప్పుడు పాట కట్టి పాడేది. ఏ రోజు పాట ఆ రోజుదే. ఆ రోజు అరగంట పాడింది. దుకాణం ముందు హారన్‌లో విని, రోడ్డున పోయేవాళ్లు నిలబడిపోయారు. హారన్‌లో వినబడుతోంది కదా, రికార్డూ అవుతోందనుకున్నాను. మైకుసెట్టు దగ్గర పాట నేర్చినవాళ్లే చేసే తప్పు అది. మైకు నుంచి గొంతు నేరుగా హారన్‌కు పోతోంది. కంప్యూటర్‌లో మాత్రం నేను తీగ కలపలేదు. తీరా వినిపించబోతే అందులో ఏమీ లేదు.

"మళ్ల పాడుమంటె గా పాట రాదు బిడ్డ. అయిపాయె" అంది అవ్వ. నాకు ఏడుపు ఆగలేదు. ఇక జన్మలో ఆ కంప్యూటర్ ముట్టనన్నాను.

"గలతీ నీది కాదు" అన్నారు ఉస్తాద్. "నీకంటె ముందు ఇద్దరు గిక్కడ్నే తప్పిండ్రు. ముగ్గురు ఒక్క కాడ్నే తప్పిండ్రంటె తప్పు మనుషులది కాదు. గీ మిషన్ ఎందుకు జెప్పలే?"

ఈ సంగతే ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకు వచ్చీరాని ఇంగ్లీషులో నెట్‌లో రాశారు. ముందు దాన్ని వాడే పద్ధతి పుస్తకంలో చదువుకోమని ఎవరో జవాబిచ్చారు. "అవ్వ కితాబు సదివి పాడుతదా?" అని నవ్వి, తనే నేర్చుకుంటూ కూర్చున్నారు. రెండు నెలలు పట్టింది. కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నీ వాటంతట అవే తెరుచుకుని తీగలు కలిసేటట్టు చేశారు. మైకులోంచి గొంతు రాకపోతే రికార్డు ఆగిపోయి, తెర మీద తెలుగులో ఆ సంగతి కనిపించేది.

ఆ కంప్యూటర్‌ను మోసుకుని సిరిసిల్లలో అవ్వ ఇంటికే వచ్చారు. తెర మీద అక్షరాలు కనిపిస్తే పాట ఆపాలని చెప్పి, బటన్ ఆమెనే నొక్కమన్నారు. "గా రాసింది నాకేమెరుక కొడుకా? నాకు సదువు రాదు" అంది అవ్వ. ఉస్తాద్ ముఖం చిన్నబోయింది. ఆ పూట బటన్ నేనే నొక్కాను, అవ్వ పాడింది. మంచి పాటే, కానీ ఆ పాట కాదు. అది పోయింది. నాకు మాత్రం మళ్లీ మిషన్ ముట్టే ధైర్యం వచ్చింది. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ ధైర్యంతో సంపాదించిందే.

ఆదివారాలు జగిత్యాలలో ఆడపిల్లలకు రికార్డింగ్ నేర్పుతున్నాను. కంప్యూటర్లు మారినా ఆయన చేసిన ఏర్పాటే వాటిలో ఎక్కిస్తాను. మట్టి అయిన మూడో రోజున అక్కడికి పోక తప్పలేదు. కొత్తగా చేరిన ఒక పిల్ల పాట మొదలుపెట్టింది. మైకు తీగ వదులైనట్టుంది, రికార్డు ఆగిపోయింది. అవ్వ ఇంటి నుంచి వెళ్లిన వారంలోనే ఉస్తాద్ ఆ తెలుగు అక్షరాలు తీసేసి, చదువు రానివాళ్ల కోసం తన గొంతు రికార్డు చేసి పెట్టారు.

"బిడ్డా, నీ గొంతు నాదాంక అస్తలేదు. తీగ సూడు."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ పిల్లకు ఆయన ఎవరో తెలియదు. "సరే సార్" అని తీగ బిగించి, పాట మళ్లీ మొదటి నుంచి అందుకుంది.