వైద్యుడు లేని జట్టు

మొన్న అంగళ్లులో, నేను పాఠాలు చెప్పే కాలేజీ క్యాంటీన్లో పిల్లలు పాచికలు వేస్తూ, "ఒకే క్యారెక్టర్‌కి రెండు క్లాసులు ఎట్లిస్తావురా?" అని, అంటే ఒకే పాత్రకు రెండు వృత్తులెలా ఇస్తావని, కొట్లాడుకుంటుంటే, చేతిలో టీ చల్లారుతున్నా అక్కడే నిలబడిపోయాను. కుప్పంలో ఉండే మా ఆడపడుచును ఒకప్పుడు ఏడిపించిన ప్రశ్న అది.

ఆమె కాగితం మీద ఆడే సాహసాల ఆట ఒకటి సొంతంగా తయారుచేసింది. కథ ఆమె నడిపేది; మేం నలుగురం తలా ఒక పాత్ర పట్టుకుని పాచికలు వేసేవాళ్లం. మా ఆయన మాంత్రికుడు, పుంగనూరులో ఉండే మా స్నేహితురాలు వేగు, ఆడపడుచు భర్త వైద్యుడు, నేను యోధురాలిని. ఇంట్లో బల్లిని చూసి కుర్చీ ఎక్కే నాకు కత్తి ఎందుకిచ్చిందో ఇప్పటికీ తెలియదు. మదనపల్లె నుంచి మేమిద్దరం, కుప్పం నుంచి వాళ్లిద్దరం బయల్దేరి, ప్రతి ఆదివారం పుంగనూరులో ఆ స్నేహితురాలింట్లో బొరుగులు నములుతూ ఆడేవాళ్లం.

అలాంటి రోజుల్లో అన్నకు, అంటే ఆడపడుచు భర్తకు, పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. కొన్ని నెలలకు, ఆమె మనసు కాస్త మళ్లుతుందని మేమే బలవంతపెట్టి, అన్న లేకుండానే పుంగనూరులో ఆట మళ్లీ మొదలెట్టించాం. వైద్యుడు లేక మా పాత్రలు రెండో పోరాటానికే చచ్చేవి. అన్న స్థానం తీసుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. చివరికి ఆమె, ఎవరైనా తమ వృత్తితో పాటు వైద్యమూ నేర్చుకోవచ్చని కొత్త నియమం రాసింది. నేను నేర్చుకున్నాను. ఇక తగిలిన గాయాన్ని నేనే మాన్పుకుంటూ, శత్రువులందర్నీ నేనే నరికేస్తుంటే మిగతా ఇద్దరికీ బొరుగులు తినడం తప్ప పని లేకపోయింది. వైద్యం తగ్గిస్తే అందరం చచ్చాం. కత్తిబలం తగ్గిస్తే నేను దేనికీ పనికిరాకుండా పోయాను. ఆరుసార్లు తిరగరాసింది. స్నేహితురాలు విసుగొచ్చి ఆడనని చెప్పేసింది.

"ఇంట్లో ఆయన్ని బాగు చేసుకోలేకపోతాండా. ఈ కాగితాన్నన్నా బాగు చేసుకోలేకపోతే నేనేం మనిషిని వదినా?" అని ఆడపడుచు ఫోన్లో ఏడ్చింది. స్నేహితురాల్ని బతిమాలి, ఆ ఆదివారం అందరం కుప్పానికే వెళ్లాం.

అన్న మంచం పక్కనే బల్ల వేసుకున్నాం. ఆమె ఏడోసారి రాసిన నియమం చదువుతుండగా అన్న ఎడమచేత్తో నా పాత్ర వివరాలున్న కాగితం లాక్కున్నాడు. పెన్ను తడుముకుని, "వైద్యం" అన్న మాట మీద వంకరగా గీత కొట్టాడు. తర్వాత తన గుండె మీద వేలు పెట్టి చూపించాడు.

ఆమె తన నియమాల కాగితం మడిచి పక్కన పెట్టేసింది. "ఈడనే ఉండాడు గదా వదినా! ఆడతావా అని ఒక్క మాట అడగలేదే నేను."

మొదటి పోరాటంలోనే అన్న వేసిన పాచిక, అన్నిటికన్నా తక్కువ అంకె అయిన ఒకటి దగ్గర ఆగింది. వైద్యం అందక నా యోధురాలు చచ్చింది. అన్న శబ్దం లేకుండా, భుజాలు కదిలేలా నవ్వాడు.

ఆయనకు మాట తిరిగి రాలేదు. ఆట మధ్యలోనే అలసి నిద్రపోయిన ఆదివారాలూ ఉన్నాయి. ఆయన బాగయ్యే రోజు కోసం ఎదురుచూస్తూ, ఆయనతో గడపాల్సిన నెలలను మేం ఊరికే పోనిచ్చాం. కాలం వాటిని మాత్రం మళ్లీ మాకివ్వలేదు.