ఆసుపత్రి లాప్‌టాప్‌లో లారీ

పదకొండేళ్ళు నేను పిల్లల చేత గేములు మాన్పించే ఉద్యోగం చేశాను. కాగితం మీద మాత్రం కంప్యూటర్ టీచర్ అని ఉండేది. మార్కాపురంలో ఒక ప్రైవేటు స్కూలు, మేడ మీద ఒక గది, అందులో ఏదో ఆఫీసువాళ్ళు వాడి వదిలేసిన పన్నెండు కంప్యూటర్లు. వాటిలో ఉత్తరం టైపు చెయ్యొచ్చు, మార్కుల పట్టిక వెయ్యొచ్చు, అంతే. గేము పెడితే ఆయాసపడి ఆగిపోయేవి. అయినా పిల్లలు ఊరుకుంటారా? పెన్‌డ్రైవుల్లో తెచ్చి, ‘సైన్స్ ప్రాజెక్ట్’ అని పేరు పెట్టి దాచేవాళ్ళు. శనివారం సాయంత్రం నేను ఒక్కో కంప్యూటరూ గాలించి, దొరికినవన్నీ తుడిచేసి, సోమవారం వాళ్ళ ముఖాలు చూసేదాన్ని. ఆ ముఖాలు చూడడం నాకు ఇష్టంగా ఉండేది. నా బుద్ధి అలాంటిది, దాచుకోవడం ఎందుకు.

నలభై ఒకటో ఏట నా కిడ్నీలు రెండూ పోయాయి. ఫ్లోరైడు నీళ్ళ వల్లేనని వీధి వీధంతా తేల్చేసింది. తలనొప్పికి ఏళ్ళ తరబడి మింగిన మాత్రల వల్ల కావచ్చని డాక్టరు అన్నాడు. కారణం ఏదైతేనేం, సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఏడింటికి ఆసుపత్రికి వెళ్ళాలి. ఎడమ చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చించుకోవాలి. రక్తం గొట్టాల్లోంచి మిషన్లోకి పోయి, కడుక్కుని, తిరిగి వచ్చేదాకా పడుకోవాలి. అది డయాలసిస్. నాలుగు గంటలు. సూదులున్న చెయ్యి కదపకూడదు, లేవకూడదు, ఒత్తిగిల్లకూడదు. దురద పుడితే గోక్కోవడానికి కుడి చెయ్యి ఒకటి మిగులుతుంది. అది కూడా అందినంత మేరకే.

నా వల్ల అయ్యేది కాదు. మొదటి రెండు గంటలు ఎలాగో పళ్ళు బిగబట్టి గడిపేదాన్ని. మూడో గంటలో పిక్కలు పట్టేసేవి. ఎదురుగా గోడ గడియారం. దాన్ని చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని. ‘తీసెయ్’ అని అరిచేదాన్ని. టెక్నీషియన్ గిద్దలూరు అమ్మాయి, మెత్తటి మనిషి. మొదట్లో బతిమాలేది. తర్వాత తర్వాత నా ఇష్టంతోనే ముందుగా దిగుతున్నానని రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, సూదులు తీసి పంపేసేది. రెండు నెలలు అలాగే గడిచాయి.

డాక్టరు ఒకరోజు నా మంచం దగ్గర నిలబడి, గొంతు పెంచకుండా చెప్పాడు. “ఇట్ల రోజూ గంట గంట ఎగ్గొడితే ఒంట్లో నీరు అట్లనే ఉండిపోతుందమ్మా. ఒకనాడు ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. అప్పుడు ఇక్కడిదాకా తెచ్చేంత టైం గూడ ఉండదు.”

నాకు అర్థం కాక కాదు. నేను మొద్దును కాను. కానీ మూడో గంట వచ్చేసరికి చావు ఎక్కడో దూరంగానూ, తలుపు పది అడుగుల్లోనూ కనిపించేవి. నేను తలుపునే ఎంచుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే నా కుడివైపు మంచానికి ఒక ముసలాయన వచ్చాడు. డెబ్బై దాటిన సాయిబు, పెద్దదోర్నాల మనిషి. నలభై ఏళ్ళు లారీ తోలాడట, అదీ నల్లమల ఘాట్ రోడ్డు మీద. ఎడమ చేతి నరం మూసుకుపోవడంతో ఆయనకు కుడి చేతికి సూదులు పెట్టేవాళ్ళు. మంచం ఎక్కేటప్పుడు నాకేసి చూసి “బాగుండావా అమ్మా” అనేవాడు. నేను బదులు చెప్పేదాన్ని కాదు. ఆ గదిలో బాగుండే వాళ్ళెవరు? ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. నేను అరిచి, సంతకం పెట్టి, దిగిపోతుంటే మాత్రం చూస్తూ పడుకునేవాడు.

నాలుగైదు సార్లు చూశాక ఒకనాడు అన్నాడు. “మా దోర్నాల గేటు తెలుసు గదా టీచరమ్మా. రాత్రి అడవిలోకి బండ్లను పోనీకుండ మూసేస్తారు. మూసినాక ఎంత హారను కొట్టినా తీయరు. కొత్త డ్రైవర్లు కొట్టి కొట్టి గొంతు చించుకుంటారు. పాతోళ్ళు స్టవ్వు దించి అన్నం వండుకుంటారు.”

“నాకు అన్నం వండుకునే ఓపిక లేదు మామా” అన్నాను, కసురుకుంటూ. అలా మొదటిసారి ఆయన్ని మామా అని పిలిచాను.

మా రెండు మంచాల మధ్య చక్రాల బల్ల మీద ఒక లాప్‌టాప్ ఉండేది. పొద్దున ప్రభుత్వ లెక్కల కోసం అందరి ఫోటోలూ, వేలిముద్రలూ దానిలోకే ఎక్కించేవాళ్ళు. ఆ తర్వాత మధ్యాహ్నం రోగుల జట్టు వచ్చేదాకా దానికి పని లేదు. మూలకు తోస్తే ప్లగ్గు అందదు కాబట్టి మా మధ్యే ఉండేది. బ్యాటరీ చచ్చిపోయిన పాత సరుకు, దాని ఫ్యాను మా మిషన్లతో పోటీగా మోగేది. ఒక సోమవారం చెయ్యి ఊరుకోక, టెక్నీషియన్‌ను అడిగి మూత తెరిపించాను. పదకొండేళ్ళ అలవాటు కదా, గాలించాను. ‘పాత రిపోర్టులు’ అనే ఫోల్డరులో దొరికింది, లారీ గేము. అంతకుముందు ఎవరో డేటా ఎక్కించే వాళ్ళు దాచుకున్నది. ఆ క్షణాన నాకు కలిగింది కోపమే. తుడిచెయ్యడానికి వేలు కూడా వెళ్ళింది. తర్వాత నవ్వొచ్చింది. నన్ను అడిగేవాళ్ళు ఎవరున్నారిప్పుడు?

కొండ దారిలో లారీ. ఎడమవైపు రెండు అక్షరాలు నొక్కితే వేగం, బ్రేకు. కుడివైపు బాణాలు నొక్కితే స్టీరింగు. రెండు చేతులూ కావాలి. నాకున్నది ఒకటే. వేగం నొక్కి బాణానికి వచ్చేలోపు లారీ లోయలో ఉండేది. నాలుగోసారి పడ్డాక పక్క మంచం మీంచి మాట వినిపించింది.

“ఏంది టీచరమ్మా, సరుకంతా లోయలో పోస్తా ఉండావు?”

“ఒంటి చేత్తో ఎట్లా తోలేది మామా?”

ఆయన తన ఎడమ చేతిని చూసుకున్నాడు. దాన్ని చాపితే సరిగ్గా బాణాల మీదికి వచ్చింది. నా కుడి చెయ్యి అక్షరాల మీద ఉంది. ఆ బల్లను కొలిచి పెట్టినట్టు ఉంది మాకు. ఆయన జీవితంలో కంప్యూటర్ ముట్టుకోలేదు. ఏ బాణం ఎటు తిప్పుతుందో ఒక్కసారి చూపించాను, అంతే.

“స్టీరింగు నాది. నువ్వు నా కాలువి” అన్నాడు. “నేను చెప్తేనే తొక్కాల.”

నేను ఎవరు చెప్పినా వినే రకం కాదు. తొక్కేశాను. లోయలో పడ్డాం.

“కాలు తియ్యి అంటే తీయవే?”

“కాలు కాదు మామా, వేలు.”

“ఏదైతే ఏంది, తియ్యి! దిగుడులో ఉంది బండి.”

అసలు ఆ గేములో గెలవాలంటే వేగంగా పోవాలి. ముందు బండిని దాటితే మార్కులు. ఆలస్యమైతే మార్కులు తగ్గుతాయి, తగ్గి తగ్గి సున్నా దగ్గర ఆగిపోతాయి. లారీ మాత్రం ఆగదు, ఎంతసేపైనా తోలుకోవచ్చు. మా స్కూలు పిల్లలైతే మూడు నిమిషాల్లో వేలకు వేలు మార్కులు కొట్టి, మూడో నిమిషంలో చచ్చేవాళ్ళు. మామ మలుపు మలుపుకీ బ్రేకు వేయించేవాడు. మలుపు దగ్గర ముందు బస్సును దాటనిచ్చేవాడు కాదు. “అవతల ఏముందో నీకు కనపడతా ఉందా? కనపడదు గదా” అనేవాడు. బస్సు వెనకాలే అరగంట పోయేవాళ్ళం. మేకలు అడ్డం వస్తే ఆపేయాల్సిందే. మేకలు వెళ్ళాక కూడా కాసేపు ఆగమనేవాడు, వెనకపడిన పిల్ల ఒకటి ఉంటుందని. ఆ గేములో వెనకపడిన పిల్ల ఉండదని ఎన్నిసార్లు చెప్పినా ఆయన నమ్మలేదు.

ఆరోజు ఒక్కసారి కూడా పడకుండా కొండ ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కుతుంటే టెక్నీషియన్ వచ్చి నా చేతి దగ్గర నిలబడింది. ఏంటన్నాను. “పదకొండయింది మేడం” అంది. మా స్కోరు సున్నా.

ఏడెనిమిది నెలలు అలా తోలాం. ఆ గది ఇష్టమైందని అబద్ధం చెప్పను. మూడో గంట మూడో గంటే, పిక్కలు పట్టేస్తూనే ఉండేవి. కానీ ఘాట్ మధ్యలో వేలు తీస్తే మామ బండి ఆగిపోతుంది. ఆయన్ని మలుపులో వదిలేసి దిగిపోవడానికి మనసొప్పేది కాదు. రిజిస్టరులో సంతకాలు ఆగిపోయాయి. డాక్టరు నా ఎక్స్‌రే చూసి, నీరు తగ్గిందని తల ఊపాడు. బతకడానికి నాకు దొరికిన ఉపాయం అది. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

చలికాలంలో మామ కుడి చేతి నరం కూడా మూసుకుపోయింది. మెడ దగ్గర గొట్టం వేశారు. ఇప్పుడు ఆయనకు రెండు చేతులూ ఖాళీ, మెడ మాత్రం తిప్పలేడు. ఓరకంట తెర చూస్తూ తోలేవాడు. రెండుసార్లు గొట్టం దగ్గర చీము పట్టి, చలిజ్వరం వచ్చి, మంచం కదిలిపోయేలా వణికాడు. గుండె కూడా బలహీనపడిందని డాక్టరు చెప్పాడు. చేయి మీద ఇక చోటు లేదు, గుంటూరు వెళ్ళి తొడలో గొట్టం వేయించుకోవచ్చు, అది నిలుస్తుందని మాత్రం చెప్పలేమన్నాడు.

మామ వద్దన్నాడు. తొడలో వద్దు, మెడలో కూడా ఇంక వద్దు. ఇంట్లో ఉంటానన్నాడు. అంటే ఏమిటో ఆయనకు తెలుసు, ఆ గదిలో అందరికీ తెలుసు.

ఆయన భార్య నా దగ్గరికి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది. “మా మాట ఇంటల్లేదు టీచరమ్మా. ఆ బండి కాడ నీ మాట ఇంటాడు గదా. నువ్వు చెప్పు.”

ఆ శుక్రవారం లారీ తోలుతూ చెప్పాను. గుంటూరు డాక్టర్ల గురించి, తొడలో వేయించుకుని ఏళ్ళు బతికినవాళ్ళ గురించి చెప్పాను. ఆయన ఊ కొడుతున్నాడు, తోలుతున్నాడు. చివరికి నా నోట్లోంచి అసలు మాట వచ్చేసింది. “నువ్వు రాకపోతే నేను నాలుగు గంటలు ఉండలేను మామా.”

ఆయన బాణాల మీంచి వేలు తీశాడు. బండి రోడ్డు పక్కకు పోయి ఆగింది.

“అంటే నీకోసం నేను ఈ మంచం మీద పడుండాల్నా?”

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను కాదనలేకపోయాను. ఇన్ని నెలల్లో ఎన్నోసార్లు నన్ను ఇక్కడ కట్టిపడేశారని ఏడ్చినదాన్ని, ఆ ముసలాయన్ని కట్టిపడేయడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

“అవును” అన్నాను. “నాకోసమే.”

ఆయన నవ్వాడు. “నిజం చెప్పినావు. మా ఇంట్లోవాళ్ళు అందరూ ‘నీ మంచికే’ అంటారు.”

ఇంకో వారం వచ్చాడు. మూడుసార్లు. అది నాకోసమేనని నాకు తెలుసు, నేను వద్దనలేదు. మూడోనాడు మెడ పట్టీ వేయించుకుని, కర్ర పట్టుకుని నా మంచం దగ్గర ఆగాడు. “నేను లేకపోయినా పదకొండుకే దిగాల” అన్నాడు. సరేనన్నాను.

తర్వాత సోమవారం పక్క మంచం మీదికి వేరే ఎవరో వచ్చారు, ముఖం మీద దుప్పటి కప్పుకుని పడుకున్నారు. నేను నాలుగు గంటలూ ఉన్నాను, గడియారాన్ని తిట్టుకుంటూ. బుధవారం లాప్‌టాప్ తెరిచి ఒంటి చేత్తో తోలబోయాను. మొదటి మలుపులోనే పడ్డాను. మూత మూసేశాను. పిక్కలు పట్టేశాయి. తొమ్మిదిన్నరకు ‘తీసెయ్’ అన్నాను. టెక్నీషియన్ రిజిస్టరు తెచ్చింది. సంతకం పెట్టి ఆటో ఎక్కాను.

మామ పోయిన కబురు మాకు చేరాక, పది పన్నెండు రోజులకు ఆయన భార్య ఆసుపత్రికి వచ్చింది. ఆయనకు వాడగా మిగిలిన సూదిమందులు ఎవరికైనా పనికొస్తాయని, చెడిపోకుండా ఐసు ముక్కల మధ్య పెట్టి, స్టీలు క్యారియర్లో మోసుకొచ్చింది. అవి టెక్నీషియన్ చేతికిచ్చి, నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

“ఎట్ల పోయినాడు అత్తా?” అని అడిగాను.

“నెమ్మదిగనే పోయినాడు తల్లీ. ఇంట్లో ఉండిపోయిన ఆ సోమవారం తెలివిగనే ఉండె. పొద్దున ఏడయితానే గడియారం చూపించమన్నాడు. ‘ఇప్పుడు టీచరమ్మకు సూదులు గుచ్చింటారు’ అన్నాడు. నోరు ఎండిపోతా ఉంది, గుక్కెడు టీ తాగు అంటే వద్దన్నాడు. ఆ బిడ్డ దిగినాక తాగుతాలే అన్నాడు. పదకొండు కొట్టినాక, ‘దిగింది, ఇంటికి పోయింటాది’ అని అప్పుడు తాగినాడు.”

“బుధవారం?”

“బుధవారానికి మాట పడిపోయింది. కండ్లు మాత్రం గడియారం మీదనే. చెంచాతో నీళ్ళు పోయబోతే మూతి బిగించుకున్నాడు. పదకొండయినాక నేనే చెవిలో చెప్పినా, టీచరమ్మ దిగిందయ్యా అని. అప్పుడు నోరు తెరిచినాడు. గురువారం తెల్లారేసరికి లేడు.”

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, నా సూదులు లేని చేతిని కాసేపు పట్టుకుని, బస్సుకు టైమైందని లేచి వెళ్ళిపోయింది.

ఆ బుధవారం పదిన్నరకు నేను ఇంట్లో ఉన్నాను. ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని ఇడ్లీలు తింటున్నాను. నేను ఇంకా ఇక్కడే పడుకుని ఉన్నానని ఆయన అక్కడ దోర్నాలలో నోరు ఎండబెట్టుకున్నాడు. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను.