చిన్నమ్మ బొట్టు పెట్టిన నీలం సిలిండర్

నిన్న మధ్యాహ్నం రెండు గంటలు. ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికొచ్చి ఫోన్ చూశాను.

మా నవీన్ ఫొటో. కింద "స్పీడ్ కింగ్ ఇక లేడు" అని, పక్కన రెండు నిప్పు బొమ్మలు.

నా తమ్ముడు పోయాడని నాకు వాట్సాప్ స్టేటస్‌లో తెలిసింది.

ఇంట్లో వాళ్లకి ఫోన్ చేయకముందే స్టేటస్ పెట్టారు వాడి ఫ్రెండ్స్. శభాష్ రా నాయనా.

నవీన్ మా చిన్నమ్మ కొడుకు. తల్లాడలో కార్ మెకానిక్. ఇంటి పక్కనే షెడ్డు. నా కారు మొరాయిస్తే "బానెట్ కాడ ఫోన్ పెట్టు అక్కా" అనేవాడు. చప్పుడు విని రోగం చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

అంత పని తెలిసినవాడు ఈ పని చేశాడు. అదే నా కడుపుమంట.

అందరూ యాక్సిడెంట్ అంటున్నారు. కాదు.

వాడు తన సెకండ్‌హ్యాండ్ చిన్న కారుకి నైట్రస్ పెట్టుకున్నాడు. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. డిక్కీలో ఒక గ్యాస్ సిలిండర్ ఉంటుంది. బటన్ నొక్కితే ఆ గ్యాస్ ఇంజిన్‌లోకి పోయి పెట్రోల్‌ని ఒక్కసారిగా మండిస్తుంది. కారు ఎగిరి దూకుతుంది. రీల్స్‌లో చూడటానికి బాగుంటుంది.

అదే నైట్రస్ ఆక్సైడ్‌ని మేము థియేటర్‌లో మత్తుకి వాడతాం. నేను అక్కడ టెక్నీషియన్ని. మీటర్ చూడకుండా నాబ్ ముట్టుకుంటే మా డాక్టరమ్మ ఊరుకోదు.

అందుకే వాడు ముందు నన్నే అడిగాడు. "అక్కా, మీ దవాఖానాల ఒక్క సిలిండర్ దొరుకతదా?"

చెంప పగలగొడతా అన్నాను. నవ్వాడు. ఇంకెక్కడి నుంచో రెండు తెచ్చుకున్నాడు.

పోయిన నెల అందరం పర్ణశాల వెళ్లాం. దారిలో భద్రాచలంలో కారుకి పూజ చేయించాడు. టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద దండ. డిక్కీ తెరిస్తే నీలం సిలిండర్.

"ఇదేంది బిడ్డా?" అంది చిన్నమ్మ.

"ఏసీ గ్యాసే అమ్మా."

చిన్నమ్మ నమ్మింది. సిలిండర్‌కి కూడా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, "నా కొడుకును సల్లగ చూడు" అని దండం పెట్టింది.

వాడు నా వైపు చూసి కన్ను కొట్టాడు.

నేను నోరు మూసుకున్నాను. పూజ రోజు గొడవెందుకు, ఇంటికి పోయాక చెబుదాం అనుకున్నా.

చెప్పలేదు.

నిన్న వాడూ, ఫ్రెండ్సూ రెండు కార్లలో వెళ్లి, పాల్వంచ దాటాక అడవిలో కారు ఎండలో ఆపి టీ తాగారట. డిక్కీలో సిలిండర్ ఉడికిపోయింది. వాడికి పని నేర్పిన మేస్త్రి మార్చురీ దగ్గర ఏడుస్తూ చెప్పాడు.

"ఎండకు ప్రెషర్ పెరుగుతది తల్లీ. గ్యాస్ ఎక్కువై పెట్రోల్ సాలకపోతే లోపల పిస్టన్ కరుగుతది. పిల్లలను బడికాడ దింపే ఇంజిన్ అది, గంత దెబ్బ యాడ తట్టుకుంటది? వద్దని చెప్పిన. ఇన్నడా?"

బటన్ నొక్కాడు. ఇంజిన్ పగిలింది. ఆయిల్ టైర్ల కిందికి వచ్చింది. కారు జారి టేకు చెట్టుకి కొట్టుకుంది.

అదే రోడ్డు పక్కన తునికాకు కట్టలు ఎత్తుకుని ఆడవాళ్లు నడుస్తున్నారు. కాస్త అటూ ఇటూ అయితే వాళ్లు కూడా పోయేవాళ్లు. వాడిని బయటికి లాగింది వాళ్లే. తల ఒళ్లో పెట్టుకుని కొంగుతో నెత్తురు తుడిచింది వాళ్లే.

వెనక కారులో ఉన్న ఫ్రెండ్స్ వీడియో తీస్తున్నారు.

ఇవాళ పొద్దున వాడిని సాగనంపి వచ్చాం. ఇంకా తల కూడా ఆరలేదు, వాళ్లలో ఒకడు నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మూడో రోజు అన్న పేరు మీద కార్ల ర్యాలీ తీస్తం. షెడ్డుల ఇంకో సిలిండర్ ఉందట గదా. అన్న గుర్తుగ ఇస్తవా?"

సిగ్గుండాలి.

నేనే షెడ్డులోకి వెళ్లాను. మూలకి ఉంది. పర్ణశాల వెళ్లిన రోజు డిక్కీలో ఉన్నదే. కుంకుమ ఇంకా చెదరలేదు. ఇంటి వెనక ఖాళీ చేన్లోకి లాక్కెళ్లి వాల్వ్ తిప్పేశాను. బుస్సుమని చాలాసేపు పోయింది.

చప్పుడుకి చిన్నమ్మ వచ్చింది. "ఏం జేస్తున్నవు బిడ్డా? అది ఏసీ గ్యాస్ గదా?"

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. ఆ రోజే నాకు తెలుసని కూడా చెప్పాను.

చిన్నమ్మ సిలిండర్ ముందు కూలబడి, తను పెట్టిన బొట్టుని తన కొంగుతోనే తుడిచేసింది. బొట్టు చెరిగిపోయాక కూడా తుడుస్తూనే ఉంది.

ర్యాలీ లేదు. ఆ స్టేటస్‌లు తీసేయండి. ఏ అమ్మకైనా అబద్ధం చెప్పి డిక్కీలో ఇది పెట్టుకున్నవాడు మీలో ఉంటే, ఇవాళే విప్పేయండి. మీకు తెలిసినవాడు ఉంటే నాలాగా నోరు మూసుకోకండి.

పోయిరా నవీనూ. నీ మీద కోపం ఇంకా పోలేదు రా. ఏ తొందరా లేని చోట ప్రశాంతంగా నిద్రపో తమ్ముడూ.