రుక్కమ్మత్త, రెండు రకాల బిళ్ళలు, దేవనహళ్ళి కోట

నిజం చెప్పాలంటే మేం దేవనహళ్ళి వెళ్ళింది కోట చూడ్డానికి కాదు. మా మేనత్త రుక్కమ్మకి ఆ కోట మీద పంతం. నిరుడు అక్కడి మెట్లు ఎక్కుతూ సగంలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్తే బీపీ నూట తొంభై. తీరా ఆరా తీస్తే, మూడు నెలలుగా మందులు మానేసిందని తెలిసింది. మానడానికి ఆవిడ చెప్పిన కారణం విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

మా బెంగుళూరు కబ్బన్‌పేట ఇళ్ళల్లో మాత్రని బిళ్ళ అంటాం. కాలికి దెబ్బ తగిలి పుండైతే గజ్జల్లో ఉబికే గడ్డనీ బిళ్ళనే అంటాం. అసలు తంటా అంతా ఇక్కడే వచ్చింది. అత్తని చూసే డాక్టరమ్మది అనంతపురం. ఓపికగా మన భాషలోనే చెప్పింది. ఉప్పు ఎక్కువైతే రోగాలతో పోరాడే కణాలు రేగుతాయట. అవి మూత్రపిండాల్లోకీ రక్తనాళాల గోడల్లోకీ చేరి వాపు తెస్తే నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుందట. ఒళ్ళంతా అల్లుకున్న సన్నటి శోషరస నాళాలు, వాటి దారిలో ఉండే బిళ్ళలు ఆ కణాలనీ, చర్మం కింద నిలిచిన ఉప్పునీటినీ తోడేయడానికి చూస్తాయట. ఇంత పాఠం విని అత్త ఒకే ముక్క ఇంటికి తెచ్చుకుంది: ఒంట్లోనే బిళ్ళలున్నాయి, బీపీ సంగతి అవే చూసుకుంటాయి. ఇక కొనుక్కొచ్చిన బిళ్ళలెందుకని డబ్బాని అల్మారాలో చీరల కింద పెట్టేసింది.

ఆ తర్వాత డాక్టరమ్మ మళ్ళీ కూర్చోబెట్టి చెప్పింది. ఈ సంగతులు చాలామటుకు జంతువుల్లో చూసినవి, మనుషుల్లో ఇంకా పరిశోధన నడుస్తోంది, వాటిని నమ్ముకుని మందు మానకూడదు అని. అప్పట్నుంచి అత్త మాత్రలు తప్పలేదు, ఊరగాయ జాడీ పక్కింటికి ఇచ్చేసింది, పొద్దున సాయంత్రం బీపీ చూసి నోటు పుస్తకంలో రాసుకుంది. అయినా ఆవిడ కొడుకు ప్రసాద్‌కి నమ్మకం కుదరలేదు. జిగణిలో ఫ్యాక్టరీ షిఫ్టుల మధ్య తల్లిని తల్చుకుని హడలిపోయే మనిషి. మా వీధి ఆడవాళ్ళంతా బస్సు మాట్లాడుకుని హంపి వెళ్తున్నారు, సోమవారానికల్లా పేరివ్వాలి. వాడు వద్దన్నాడు. చివరికి బేరం కుదిరింది: అత్త ఆ కోట ఎక్కి, గోడ మీద నడిచి, తర్వాత బీపీ నూట ముప్పై లోపు చూపిస్తే పంపిస్తాడు. నెమ్మదిగా ఎక్కమని డాక్టరమ్మ కూడా సరేనంది. సాక్షిగా, మిషను మోసేదానిగా నన్ను తోడు పంపారు.

ఆదివారం ఆరున్నరకి బయల్దేరాం. మెజెస్టిక్ బస్టాండుకి ఆటో డెబ్బై రూపాయలు. అక్కణ్ణుంచి దేవనహళ్ళికి నేరుగా మామూలు బస్సుంది, కర్ణాటక చిరునామాతో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం. హెబ్బాళ దాటాక రోడ్డు ఖాళీ, ఎనిమిదిన్నరకల్లా దిగాం. అత్త బస్సెక్కక ముందే మాత్ర వేసుకుని, ఖాళీ రేకు నాకు చూపించి మరీ సంచిలో పెట్టుకుంది.

బస్టాండు పక్కన చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాం, ప్లేటు నలభై. సాంబారు వద్దని అత్త అనేసరికి వంటాయన బయటికొచ్చి, రుచి బాగాలేదా అని అడిగాడు. మనవైపు తెలుగే మాట్లాడాడు. ఆయన నొచ్చుకున్నాడని అత్తకి అర్థమైంది.

"రుచికేం అప్పా, బాగుండాది. ఉప్పు ఎక్కువైతే నా ఒంట్లో కావలోళ్ళు ఊరికే ఉండరు, సొంత ఇంటిమీదే పడతారు. అందుకని వద్దంటి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, లోపలికెళ్ళి ఉప్పు వెయ్యని ఉడికిన పప్పు మీద కాస్త మిరియాల పొడి చల్లి తెచ్చాడు. దానికి డబ్బు తీసుకోలేదు. వాళ్ళమ్మకీ బీపీ ఉందట.

కోట అక్కడికి దగ్గరే, నడిచే వెళ్ళాం. లోపలికి టికెట్టు లేదు. మెట్లు ఎత్తుగా, ఇరుగ్గా ఉంటాయి, పట్టుకోడానికేమీ లేదు. నిరుడు కూర్చుండిపోయిన మెట్టు దగ్గర అత్త ఆగింది. మళ్ళీ కళ్ళు తిరిగాయేమోనని నేను చెయ్యందించబోతే విదిలించుకుంది.

"ఉండు పాపా, నేను ఆగింది ఊపిరికి కాదు. ఈ మెట్టుకి నా మొహం చూపించాలని."

ఆ మాట అని పైకెక్కేసింది. గోడ మీద నడవగలిగినంత మేర నడిచింది, ముందు ఆవిడ, వెనక ఆయాసపడుతూ నేను. నలభై దాటిన నన్ను అరవై ఆరేళ్ళావిడ రెండుసార్లు ఆగి పిలవాల్సొచ్చింది, ఆ సిగ్గు కూడా ఇక్కడే రాసేస్తున్నా.

దిగి నీడలో అరుగు మీద అరగంట కూర్చున్నాక మిషను తీశాను. పట్టీ కట్టాక మాట్లాడకూడదు. అత్త ప్రసాద్ పెళ్ళి సంగతి ఎత్తుకుంది. నూట నలభై ఒకటి వచ్చింది. నాకు కోపమొచ్చి గట్టిగానే కసిరాను. ఈసారి పాదాలు నేలకానించి, పెదాలు బిగించి ఐదు నిమిషాలు కూర్చుంది. మా ఇంట్లో ఎవరూ చూడని దృశ్యం అది. రెండుసార్లు చూశాను. నూట ఇరవై ఆరు, నూట ఇరవై నాలుగు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, దాచుకోలేదు. ప్రసాద్‌కి ఫొటో పంపితే ఫోను చేశాడు. "పో అమ్మా హంపికి," అన్నాడు.

తిరుగు దారిలో దేవనహళ్ళి పంపరపనస కొన్నాం. తొక్క తీయబోతే అత్త ఆపింది, ఈ పండు కొన్ని బీపీ మందులకి పడదట, డాక్టరమ్మని అడిగి తింటానంది. ఏడాది కింద అయితే బస్సులోనే సగం పండు అయిపోయేది. గెలిచింది మెట్ల మీద కాదు, ఇక్కడేనని నాకనిపించింది. ఒంటి లోపల మనకి కనపడకుండా ఎవరెవరో పోట్లాడుతుంటారు, ఎవరెవరో ఊడుస్తుంటారు. వాళ్ళకి మనం చేయగలిగిన సాయం చిన్నదే, కానీ రోజూ చెయ్యాలి. మీరూ ఇలాంటి పెద్దవాళ్ళతో బయల్దేరితే, మందులు పెద్ద బ్యాగులో కాకుండా వాళ్ళ చేతిసంచిలోనే పెట్టించండి, ఒక రోజువి అదనంగా.

సోమవారం హంపి జాబితాలో అత్త పేరు నేనే రాశాను. ఆరోగ్య సమస్యలు అన్నచోట బీపీ అని రాస్తుంటే అత్త భుజం మీంచి తొంగిచూసి, పక్కనే ఇంకో మాట రాయించింది: బిళ్ళలుండాయి, రెండు రకాలూ.