ఏడో టేబుల్ వాళ్ళు

పెద్ద రోడ్డు మలుపులో ఉన్న ఆ బర్గర్ల హోటల్లో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పొద్దస్తమానం ఇనప పెనం ముందు నిలబడి ప్యాటీలు కాలుస్తుంది కాబట్టి పెనమ్మ. ఆ పేరు ఇంటిదాకా వచ్చేసింది. అత్త కూడా, మురిపెమో ఎత్తిపొడుపో తెలియకుండా, "మా పెనమ్మ" అనే అంటుంది. పనిలో చేరినప్పుడు చంకలో ఉన్న కూతురు ఇప్పుడు తల్లికన్నా పొడుగు. ఇన్నేళ్ళలో పెనమ్మ చేతి మీదుగా ఊరికి ఊరే తిని వెళ్ళింది. ఆమె మాత్రం ఒక్కనాడైనా కూర్చుని, వేడివేడిగా, ఒక బర్గర్ తిన్న పాపాన పోలేదు.

తిననే లేదని కాదు. వంటింట్లో వాళ్ళ మధ్యాహ్నం భోజనం 'తప్పు బర్గర్లే'. ఉల్లిపాయ వద్దన్నవాళ్ళకు ఉల్లిపాయ పడినవి, ఒకటి అడిగితే రెండు కాలినవి, ముట్టకుండానే వెనక్కి వచ్చినవి. జనం పల్చబడ్డాక వెనక తలుపు దగ్గర, చెత్తడబ్బాల పక్కన నిలబడి తినేవారు. మిగిలితే కాగితంలో చుట్టి ఇంటికి పట్టుకెళ్ళేవారు. ఎవరికైనా ఆకలి మరీ దంచేస్తున్న రోజున ఒక తప్పు కావాలనే జరిగేది. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కారు. పెనమ్మ కూతురు ఆ చల్లారిన బర్గర్లు తినే పెరిగింది.

మొన్న వేసవిలో హోటల్ చేతులు మారింది. కొత్త యజమానులు వచ్చీ రాగానే రూలు పెట్టారు. వెనక్కి వచ్చినదాన్ని, తప్పు కాలినదాన్ని డబ్బాలో పడేసి పైన సబ్బునీళ్ళు పొయ్యాలట. పనివాళ్ళు కావాలని తప్పులు చేస్తున్నారన్నారు. ఆకలేసి చేసిన తప్పుకు దొంగతనమని పేరు పెట్టారు. తినేదాని మీద సబ్బునీళ్ళు పొయ్యడానికి 'క్రమశిక్షణ' అన్నారు. ఆ నీళ్ళు పోసే చెయ్యి కూడా పెనమ్మదే.

ఇంట్లో ఖాళీ చేతులు చూసి అత్త అడిగింది.

"ఏమే, ఇవాళ మీవాళ్ళు తప్పులేం చెయ్యలేదా?"

పెనమ్మ చెప్పింది. అత్త నూలుమిల్లులో వయసంతా నిలబడి పనిచేసిన మనిషి. ఇప్పటికీ మోకాళ్ళు పట్టేస్తే మిల్లునే తిడుతుంది. సంగతంతా విని అంది:

"నేను మిల్లులో ఒక్క పూట కూర్చోలేదు. నువ్వన్నా కూర్చోవే. నీ సెలవునాడు అందరం ముందు తలుపులోంచే వెళ్దాం. నువ్వు కూర్చుని వేడిగా తింటుంటే నేను చూడాలి. మధ్యలో లేచావో, ఊరుకోను."

అలా ఒక సెలవునాటి మధ్యాహ్నం నలుగురూ ఏడో టేబుల్ దగ్గర కూర్చున్నారు. లిఫ్టులు రిపేరు చేసే భర్త గోడ మీద పెద్దక్షరాలు చూపించాడు.

"గౌర్మే బర్గర్ అని రాశారు. గౌర్మే అంటే ఏంటే?"

"మామూలు బర్గర్‌నే చెక్కపలక మీద పెట్టి ఇవ్వడం."

"పలక ఇంటికి ఇస్తారా?"

"నాన్నా, పరువు తియ్యకు," అంది కూతురు.

అత్త తనకు ఉల్లిపాయ, మిరపకాయ వద్దని వెయిటర్‌కి రెండుసార్లు చెప్పింది. "నోట్లో పళ్ళు నాలుగే ఉన్నాయి నాయనా. వాటికి పని తక్కువ పెట్టు."

హాలుకీ వంటింటికీ మధ్య అద్దం గోడ. అవతల పెనం దగ్గర కొత్తావిడ ఒక్కతే అవస్థ పడుతోంది. ఆమెకు పని నేర్పింది పెనమ్మే. చంటిపిల్లల్ని పక్కింట్లో వదిలి, పొద్దున్నే ఏమీ తినకుండా వస్తుందని కూడా తెలుసు. ఇంతలో వంటింటి గంట టింగుమంది. పెనమ్మ సగం లేచింది. తాను లేచినట్టు తనకే తెలియదు.

అత్త మణికట్టు పట్టుకుంది. "కూర్చో."

కూర్చుంది. కానీ మేనేజర్ చూడనే చూశాడు. ఆయన పెనమ్మకన్నా చిన్నవాడు. అవసరం పడితేనే ఆయన నోట్లోంచి 'గారు' ఊడిపడుతుంది.

"పెనమ్మగారూ, మంచి సమయానికి వచ్చారు! లోపల ఆర్డర్లు ఆగిపోయాయి. ఒక్క పదంటే పది నిమిషాలు. మీవాళ్ళేం అనుకోరులే, ఏమ్మా?"

"అనుకుంటాం బాబూ," అంది అత్త.

"అంటే మా బర్గర్ కూడా మా అమ్మే కాల్చుకోవాలా?" అంది కూతురు.

భర్త టేబుల్ కింద కాలితో భార్య కాలిని నొక్కాడు. ఆయనకూ సెలవునాడు ఫోన్లు వస్తాయి, ఆయనా పరుగెత్తుకు వెళ్తాడు. కాదంటే తర్వాతి వారం షిఫ్టులు కోసేస్తారని పెనమ్మకు తెలుసు. లేచిందంటే మాత్రం ఈ కుర్చీలో ఇంకెప్పటికీ కూర్చోవడం జరగదని అంతకన్నా బాగా తెలుసు. వంటింట్లో ఆర్డర్లకు మనుషుల పేర్లుండవు, టేబుల్ నంబర్లే. అదే గుర్తొచ్చింది.

"ఈ పూట నేను పెనమ్మను కాదండీ. ఏడో టేబుల్‌ని. మా ఆర్డరు ఇంకా రాలేదు, కాస్త చూడండి."

మేనేజర్ మొహం కందగడ్డయింది. చుట్టూ జనం ఉన్నారు కాబట్టి నవ్వాడు. "రేపు మాట్లాడుకుందాం," అని వెళ్ళిపోయాడు.

బర్గర్లు వచ్చాయి. అత్తదాంట్లో ఉల్లిపాయలు చక్రాల్లా, పైన రెండు మిరపకాయలు కిరీటంలా ఉన్నాయి.

వెయిటర్ నాలిక కరుచుకున్నాడు. "తప్పైపోయింది పెద్దమ్మా, ఇప్పుడే మార్చి తెస్తాను," అని పలక మీద చెయ్యి వేశాడు.

పెనమ్మ ఆ చెయ్యి ఆపింది. "ఇది ఎక్కడికి?"

"నీకు తెలియనిదేముంది అక్కా?" అన్నాడు వెయిటర్ గొంతు తగ్గించి. "డబ్బాలోకే."

"మేం వెనక్కి పంపడం లేదు. ఇది ఇక్కడే ఉంటుంది. అత్తయ్యకు ఇంకోటి తీసుకురా, దాన్ని కూడా మా బిల్లులోనే వెయ్యి."

కూతురు అప్పటికే తన బర్గర్ ఒక ముక్క కొరికింది. నమలడం ఆపి తల్లిని చూసింది.

"అమ్మా, ఇది ఇలా ఉంటుందా?"

"ఎలా ఉంది?"

"రొట్టె కరకరలాడుతోంది. మనింట్లో ఎప్పుడూ తడిగుడ్డలా ఉండేదిగా."

పెనమ్మ తన బర్గర్ రెండు చేతులా పట్టుకుని కొరికింది. లోపలి జున్ను కరిగి వేళ్ళ మీదికి జారింది. నాలిక చుర్రుమంది. అత్తకు రెండో బర్గర్ వచ్చినా ముట్టకుండా కోడలి నోటివైపే చూస్తూ కూర్చుంది.

"తినండి అత్తయ్యా, చల్లారిపోతుంది."

"చల్లారనీ. నువ్వు కానీ."

మధ్యలో గంట ఇంకా చాలాసార్లు మోగింది. పెనమ్మ మోకాళ్ళు ప్రతిసారీ కదిలాయి కానీ లేవలేదు. ఆఖరి ముక్క తిని, వేళ్ళు తుడుచుకుని, అప్పుడు తనంతట తాను లేచింది. మిగిలిన ఆ తప్పు బర్గర్ పలక తీసుకుంది. ఇంకో చేత్తో తన కుర్చీ పట్టుకుని వంటింట్లోకి నడిచింది.

జనం పల్చబడ్డారు. కొత్తావిడ పెనం గీకుతోంది.

"కూర్చుని తిను," అంది పెనమ్మ. "నీ బదులు పెనం గీకుతాననుకోకు. నువ్వు తినేదాకా ఇక్కడ ఊరికే నిలబడతాను."

మేనేజర్ గుమ్మంలోకి వచ్చాడు. "రూలు తెలుసుగా పెనమ్మా?"

"తెలుసండీ. వెనక్కి వచ్చినవాటికే కదా రూలు. ఇది వెనక్కి రాలేదు. మేం కొనుక్కున్నది, మా మనిషికి పెడుతున్నాం. రేపు మాట్లాడుకుందాం అన్నారుగా. ఆ డబ్బా సంగతీ మాట్లాడదాం. ఒక్కదాన్నే రాను, అందరం వస్తాం."

అద్దం అవతల తింటున్నవాళ్ళు ఇటే చూస్తున్నారు. మేనేజర్ గుమ్మంలోంచి తప్పుకున్నాడు. కొత్తావిడ కుర్చీ అంచు మీద కూర్చుంది, తర్వాత పూర్తిగా కూర్చుంది. బర్గర్ కాస్త చల్లారింది. కానీ సబ్బునీళ్ళు పడలేదు.

పెనమ్మ కుర్చీ లేకుండానే ఏడో టేబుల్ దగ్గరకు వచ్చింది. భర్త జరిగి తన కుర్చీలో సగం ఇచ్చాడు. అత్త రెండో బర్గర్ సగం తిని, రొట్టె పైముక్క పక్కన పెట్టి, సాక్ష్యం చెబుతున్నదానిలా మనవరాలితో అంది:

"అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. మన ఇంట్లో ఆ పని కోడలు చేసింది చూడు."