మొవ్వు తెగిన ఫాక్స్‌టెయిల్

2022 ఎండకాలం. మన్సూరాబాద్ రోడ్డు పక్కన గ్రీన్ నెట్ కింద నేను, నా కుండీలు. పైన నాదర్‌గుల్ దిక్కు నుంచి ఒచ్చి గిర్రున తిరిగిపోయే ట్రైనింగ్ విమానాలు. గా మండుటెండల మొక్కలు కొననీకి ఎవరొస్తరు? పైపు పట్టుకొని నేలకు నీళ్లు చల్లుకుంట కూసున్న. అప్పుడొచ్చి ఆటో ఆపిండు దానియేలు. మా కాలనీ మనిషే, ఎల్బీనగర్ రింగుకాడ ఆటో నడుపుతడు.

"అక్కా, జర మా ఇంటికి రావాలె. చెట్టు ఖరాబైతున్నది."

"చెట్టు సంగతి తర్వాత, నీ మొఖమేందిరా గట్ల వాడిపోయింది? నీళ్లు పోసుకున్నవా?" అన్న.

నవ్వలేదు. నా ఎగతాళికి నవ్వని గిరాకీ ఒచ్చిండంటే నాకు గుబులు. ఏదో పెద్దదే అయ్యుంటది.

"చెట్టు కోసం కాదక్కా, మా అమ్మ కోసం రా. మట్టల ఆదివారం అయినకాంచి చర్చికి పోతలేదు. సరిగ తింటలేదు. నా చేతులతోటే చంపుకున్న అంటున్నది."

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. ఈస్టర్ ముంగట ఒచ్చే ఆదివారాన్ని క్రైస్తవులు మట్టల ఆదివారం అంటరు. ఆ పొద్దు చిన్నా పెద్దా అందరు చేతుల మట్టలు పట్టుకొని పాటలు పాడుకుంట గల్లీల తిరుగుతరు. మా నర్సరీ ముంగటి నుంచే పోతరు, చూడముచ్చటగ ఉంటది.

స్కూటీ తీసి ఎంబడి పోయిన. చిన్న ఇల్లు, పైన ఒక రూము కిరాయికిచ్చిండ్రు. గేటు పక్కన మూలకు, మెట్లను ఆనుకొని నిలబడ్డది చెట్టు. ఫాక్స్‌టెయిల్ పామ్. దీని మట్ట చుట్టూరా ఆకులు దట్టంగ లేచి నక్క తోక తీరు కుచ్చుగ ఉంటది, అందుకే ఆ పేరు. నున్నటి మొద్దు, దాని మీద గీతలు గీతలు. పెద్ద పెద్ద విల్లాలల్ల ఇసొంటి చెట్టు పెట్టి, మనిషిని పెట్టి సాకిస్తరు. ఈ ఇంట్ల దానియేలు తల్లి ఎస్తేరమ్మ ఒక్కతే సాకింది. ఆమె ఫంక్షన్ హాల్ల ఊడ్చే పని చేసేటప్పుడు, ఎవరిదో పెండ్లి డెకరేషన్‌కు తెచ్చిన మొక్క ఎండిపోయిందని బయట పడేసిండ్రంట. ఆమె దాన్ని కొడుకు ఆటోల ఏసుకొచ్చి, బియ్యం కడిగిన నీళ్లు పోసి, పేడ ఏసి, బిడ్డ తీరు పెంచింది. అబ్బ, ఏం పెరిగింది! తల మొదటి అంతస్తు మెట్లకాడికొచ్చింది.

ఆ పచ్చటి తల నడిమిట్ల నిలువుగ నిలబడాల్సిన కొత్త ఆకు లేదు. ఆడ నల్లగ ఒక మోడు ఉంది.

"ఎవరు కోసిండ్రు?" అన్న, గొంతు లేసింది.

మెట్ల కింద గోడకు ఒరిగి కూసున్న ఎస్తేరమ్మ తల ఎత్తలేదు. "నేనే బిడ్డా."

వాళ్లది నల్లగొండ దిక్కు పల్లె. ఆడ మట్టల ఆదివారం ముందు రోజు ఈతవనానికి పోయి మట్టలు కోసుకొస్తరు. ఊరేగింపుకు పక్క మట్టలు. పిల్లల కోసం సిలువలు అల్లనీకి మాత్రం నడిమిట్ల ఇంకా విచ్చుకోని మొవ్వాకు తీస్తరు. తెల్లగ, మెత్తగ ఉంటది, ఎట్ల మడిస్తే అట్ల మడుగుతది. చిన్నప్పటి నుంచి ఎస్తేరమ్మ చెయ్యి అందుల తిరిగింది. ఈ ఏడు చెట్టు చేతికందింది. ఇంకేంది, మన చర్చికి మన ఇంటి చెట్టు మట్టలే అని అందరికి చెప్పుకున్నది. మెట్ల మీద నిలబడి, కొడవలి లోపలిదాక పెట్టి, మొదలుకంట మొవ్వాకు కోసింది. ఆ పొద్దు చర్చిల పిల్లలందరికి సిలువలు అల్లి ఇచ్చింది.

"మా ఊర్ల గిట్లనే కోస్తుంటిమి బిడ్డా. ఈత చెట్టుకు ఏం కాకపోయేది," అన్నది.

ఏం కాకపోయేది అన్నది సగమే నిజం. అంత పెద్ద వనంల ఏ చెట్టు ఏమైందో ఎవరు ఎనక్కి పోయి చూస్తరు? ఈడ ఉన్నదే ఒక్క చెట్టు. పొద్దున లేస్తే కండ్ల ముంగటనే ఉంటది.

మామిడిదో ఏపదో కొమ్మ నరికిండ్రనుకో, పక్కపొంటి ఇంకో చిగురు ఏస్తది, దానికి ఫికరే లేదు. పామ్ అట్ల కాదు. ఒంటి మొద్దు పామ్‌కు పెరిగే జాగ ఒక్కటే, తల నడిమిట్ల లోపల దాసుకున్న మొవ్వు. ఆడి నుంచి ఒచ్చే కొత్త ఆకు విచ్చుకోక ముందు బల్లెం తీరు నిటారుగ ఉంటది, దాన్ని స్పియర్ లీఫ్ అంటం. స్పియర్ పోతే చెట్టు పోవాలని లేదు. గాని దాని అడుగున ఉన్న మొవ్వు పోయిందో, ఇగ చెట్టు లేనట్టే.

మెట్లెక్కి ఆ మోడు పట్టుకొని మెల్లగ గుంజిన. మా పనిల దీన్ని పుల్ టెస్ట్ అంటం. మంచిగున్న స్పియర్ ఎంత గుంజినా కదలదు. ఇది బురదల గుచ్చిన పుల్ల తీరు ఊడి చేతికొచ్చింది. అడుగు మెత్తగ, గోధుమ రంగుల, ముక్కు మూసుకునేంత కంపు. కోసినంక మధ్యల అకాల వాన పడి, ఆ గాటుల నీళ్లు నిలిచి కుళ్లు పట్టింది.

పైన కిరాయికుండే కోనసీమావిడ రెయిలింగ్ మీద నుంచి వంగి చూసి, "మొవ్వు కుళ్లేనండీ. మా వైపు కొబ్బరికి ఇలా వస్తే ఇంక ఆశ వదిలేసుకుంటామండీ, ఏం లాభం ఉండదు," అన్నది. పాపం, ఆమె చెడ్డకు అనలేదు. తెలిసిందే చెప్పింది.

ఎస్తేరమ్మ ఆ మాట ఇన్నది. లేచొచ్చి నా ముంగట నిలబడ్డది. "ఉన్నదున్నట్టు చెప్పు బిడ్డా. బతుకుతదా?"

ఏం చెప్పాలె? బతుకుతదంటే అబద్ధమైతది, చచ్చిందంటే ఆమెనే కూలిపోయేటట్టున్నది. "నాకు తెల్వదు పెద్దమ్మా," అన్న. "కుళ్లు ఎంత లోతు పోయిందో కండ్లకు కనబడదు. అడుగున బొటనవేలంత తెల్లటి జాగ మంచిగుంటే చాలు, బతుకుతది."

దిల్‌సుఖ్‌నగర్ పోయి కాపర్ ఆక్సీక్లోరైడ్ తెచ్చిన, కుళ్లుకు ఏసే నీలం పొడి మందు. మొదలు ఆ గుంతల ఉన్న కుళ్లంత పాత గుడ్డతో తుడిచి, ఒక పొద్దు ఆరబెట్టి, మందు నీళ్లల్ల కలిపి పోసిన. ముంగట వానకాలం. పై నుంచి చుక్క నీళ్లు పడొద్దు, గాలి మాత్రం ఆడాలె. దానియేలు యాడికెళ్లి పట్టుకొచ్చిండో, ఒక లీడరు బర్త్‌డే ఫ్లెక్సీ తెచ్చిండు. కట్టెలు కట్టి, తల మీద గొడుగు తీరు కట్టినం. ఆ లీడరు రెండు చేతులు జోడించి వానకాలమంత చెట్టుకు దండం పెట్టుకుంట ఉన్నడు.

"నీళ్లు మొదట్ల పొయ్యి, అదీ కొంచమే. ఎరువు ఎయ్యకు. బియ్యం నీళ్లు బంద్," అని చెప్పిన.

"ప్రార్థన చేస్తా అమ్మా," అన్నడు దానియేలు తల్లి దిక్కు చూసి. "నువ్వు గూడ చెయ్యి."

"నేనేం మొఖం పెట్టుకొని అడుగుతరా?" అన్నది ఎస్తేరమ్మ. "ఆయన పేరు చెప్పే కోసిన గదా. ఆయనకు ఇష్టమని అల్లిన ప్రతి సిలువ ఈ చెట్టు పానమే." కొంగు నోట్ల కుక్కుకున్నది. నేను ముత్యాలమ్మకు మొక్కేదాన్ని, ఏసు ప్రభువు సంగతి నాకేం తెల్సు? ఫ్లెక్సీ తాడు ఇంకోసారి గుంజి కట్టిన.

తర్వాత ఎదురుచూసుడే. కొత్త ఆకు రాని పామ్‌కు ఉన్న మట్టలే బత్తెం. ఒక్కొక్కటి ముదిరి రాలుతుంటే, చెట్టు తన మూటల ఉన్నది తిని బతుకుతున్నట్టే. అది ఒడిసేలోపు లోపలి నుంచి కొత్తది రావాలె. ఫోన్ మోగితే దానియేలే. "కింది మట్ట ఒకటి రాలిందక్కా." ఇంకొన్ని దినాలకు, "ఇంకొకటి రాలిందక్కా." నేను పోయినప్పుడల్ల ఆ గుంతల టార్చి కొట్టి చూసేది. చీకటి తప్ప ఏం లేకపోయేది. నడిమిట్ల బోనాలు గూడ ఒచ్చిపోయినయి. పైన మూడు మట్టలే మిగిలినయి. నేను బయటికి అనలేదు గాని, లోపల ఆశ సచ్చింది.

ఒక పొద్దు దానియేలు వాట్సాప్‌ల ఫొటో పంపిండు. మసక మసకగ ఉంది, ఏం సమజ్ కాలే. దుకాణం పక్కోళ్లకు అప్పజెప్పి పరుగున పోయిన. టార్చి కొట్టి చూస్తే, ఆ నల్లటి గుంత అడుగున పచ్చగ, గోరంత మొలక. ఇరవై ఏండ్ల సంది మొక్కలతోటే బతుకుతున్న, గసొంటిది నేనెన్నడు చూడలే. పై ఆకు తెగినా, కుళ్లు పట్టినా, నెలలు నెలలు చీకట్ల ఆగి, మల్లా దారి దొరకబట్టుకొని ఒచ్చింది!

బతుకమ్మ దినాలకు ఆ ఆకు విచ్చుకున్నది. మెట్లెక్కి దగ్గరికి పోయి చూసిన. ఆకు చివర్లన్ని ఒకే గీత మీద కత్తిరించినట్టు తెగి ఉన్నయి. పురుగు కొట్టింది కాదు, ఎండకు మాడింది కాదు. అది కొడవలి గాటు.

నాకు తెల్సిన సంగతే అది. పామ్ తన రేపటి ఆకులను, ఎల్లుండి ఆకులను, ఇంకా చాన్నాళ్లకు రాబోయే ఆకులను గూడ ముందే తయారుచేసి, ఒకదాంట్ల ఒకటి మడిచి లోపల దాసుకుంటది. మనకు కనబడేది పై ఆకే. ఎస్తేరమ్మ కోసింది ఆ ఒక్క ఆకును కాదు, ఆ వెనుక ఇంకా పుట్టని ఆకులను గూడ. పుస్తకంల సంగతి తెలుసుడు ఒకటి, కండ్ల ముంగట పుట్టకముందే తెగిన ఆకు తెగిన మూతితోటే పచ్చగ విచ్చుకునుడు చూసుడు ఇంకొకటి.

ఎస్తేరమ్మ మెట్లెక్కి ఒచ్చింది. ఆ తెగిన అంచుల పొంటి వేలు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసదాక మెల్లగ నడిపించింది.

"నేను కోసిన్నాడు ఇది ఇంకా పుట్టనే లేదా?"

"లేదు పెద్దమ్మా. లోపల ఉండె. తెగింది గూడ లోపలనే."

"తెగి గూడ ఒచ్చిందా బిడ్డా?"

"ఒచ్చింది పెద్దమ్మా."

ఆమె ఏడ్చింది. ఈసారి ఏడుపు వేరే తీరుగ ఉండె. నాకేం చెయ్యాల్నో తెల్వక సంచిల నుంచి కత్తెర తీసిన. మా పనిల అలవాటది, గిరాకీకి చెట్టు సక్కగ కనబడాలె. "ఆ చివర్లు జర సాఫ్ చేస్త, చూడనీకి మంచిగుంటది," అన్న.

"ముట్టకు!" అని నా చెయ్యి పట్టుకున్నది. "గాటు పోవాలె, అప్పుడే నన్ను మాఫ్ చేసినట్టు అనుకున్న గిన్ని రోజులు. గాటు ఉండంగనే చేసింది బిడ్డా. ఉండనీ, నాకు కనబడనీ."

ఆ ఆదివారం ఎస్తేరమ్మ తెల్ల చీర కట్టుకొని చర్చికి పోయింది. తర్వాత ఒచ్చిన ఆకుకు గూడ గాటుంది, గాని కొసలకే. ఆ తర్వాతది పూర్తిగ ఒచ్చింది, కుచ్చు కుచ్చుగ, ఏ లోటు లేకుండ. మల్లా మట్టల ఆదివారానికి కింద రాలనీకి సిద్ధంగున్న ముసలి మట్ట ఒక్కటే కోసుకున్నరు, నన్ను ఫోన్‌ల అడిగి మరీ.

నా దగ్గరికి ఒచ్చెటోళ్లు ఎక్కువ అడిగేది ఒకటే మాట, "చచ్చిపోయిందా అక్కా? పీకేద్దామా?" అని. ఇంతకుముందైతే ఒక్క చూపుల చెప్పేసేది. ఇప్పుడు ఆ మొద్దు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడుత. "లోపల ఏం మడిచి పెట్టుకున్నదో నాకు తెల్వదు, నీకు తెల్వదు. మొదట్ల నీళ్లు పోసుకుంట ఇంకొన్నాళ్లు ఆగు," అని చెప్త.