గుర్రపుశాలకు నేను వేయించిన నేల

2021 వేసవిలో కర్నూలు నుంచి కోడుమూరు వెళ్లే దారిలో ఉన్న ఒక పాత గుర్రపుశాలను బాగుచేసే పని మా కంపెనీకి వచ్చింది. నేను సైట్ ఇంజనీరుని. డిప్లొమా చదివి, అప్పటికి పన్నెండేళ్లుగా ఇళ్లు, గోడౌన్లు, ఒక హాస్టలు కట్టించాను. అయితే పని మొత్తం నా ఒక్కదాని బాధ్యతగా అప్పగించడం అదే మొదటిసారి. "రూత్ మేడమ్ చూసుకుంటుంది" అని మా ఆఫీసులో అందరి ముందు చెప్పారు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా నాన్న బేల్దారి. గోడలు కట్టేవాడు, అంతకంటే బాగా బండలు పరిచేవాడు. మా ఊరి చర్చిలో నేల అంతా ఆయన చేతిపనే. బండ ఎక్కడ నున్నగా ఉండాలో, ఎక్కడ గరుకుగా ఉండాలో నేను చదువుకోకముందే తెలుసుకున్నాను. ఇది ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే తర్వాత జరిగినదానికి తెలియక చేశానని అనడానికి నాకు వీల్లేదు.

ఆ స్థలం మొదట చూసినప్పుడు బాధనిపించింది. ఎవరో పాతకాలపు సాహెబులు గుర్రాల మీద మోజుతో కట్టించిన శాల అది. మందపాటి రాతిగోడలు, మధ్యలో పొడుగాటి నడవ, నడవకు రెండువైపులా అయిదేసి గదులు. ఈ గదుల్ని లూజ్ బాక్సులంటారు. గుర్రాన్ని కట్టెయ్యకుండా, అది తిరగడానికీ పడుకోవడానికీ వీలుగా వదిలే గదులన్నమాట. ఒకప్పుడు కర్నూలు పిల్లలు ఆదివారాలు అక్కడికొచ్చి స్వారీ నేర్చుకునేవాళ్లట. మేం వెళ్లేసరికి పెంకులు జారిపోయి, స్వారీ చేసే రింగులో తుమ్మచెట్లు మొలిచి ఉన్నాయి. మిగిలినవి ఆరు గుర్రాలు, వాటిని చూసుకునే కాసీం సాబు.

ఆయనకు అరవై అయిదేళ్లు ఉంటాయి. నలభై ఏళ్లుగా అక్కడే పని. యజమానులు ఇద్దరు ముగ్గురు మారినా ఆయన మారలేదు. శాల వెనక రెండు గదుల్లో భార్యతో ఉండేవాడు. మొదటిరోజు నేను టేపు పట్టుకుని కొలతలు తీస్తుంటే వెనకే నడుస్తూ అడిగాడు.

"ఏమ్మా, మనుషులకు కడతాండావా, గుర్రాలకు కడతాండావా?"

"గుర్రాలకే," అన్నాను.

"అట్లయితే నేను జెప్పేది రాసుకో."

రాసుకున్నాను. చూరు కింద గాలి పోయే సందులు మూయకూడదు. మూస్తే మూత్రం ఘాటు లోపలే నిలబడి గుర్రాలకు దగ్గు పడుతుంది. తలుపులు లోపలికి తెరుచుకోకూడదు. నీళ్లతొట్టి మూలలో ఉండాలి, దాని అంచు గుండ్రంగా ఉండాలి. రింగులో రాళ్లన్నీ ఏరించి జానెడు మందం ఇసుక పోయించాలి. ఇంజనీరింగు పుస్తకాల్లో నేను చదవని సంగతులు ఆయన నడుస్తూ నడుస్తూ చెప్పేవాడు. తెల్లగా, సన్నంగా ఉండే చాందినీ అనే ఆడగుర్రం ఆయన భుజం మీద మూతి ఆనించి వెంట నడిచేది. దాన్ని ఆయన పుట్టినప్పటి నుంచి పెంచాడు.

పాత నేల మాత్రం నిజంగానే పాడైపోయింది. మట్టి, సున్నం, సన్న గులకరాళ్లు కలిపి దిమ్మిసతో కొట్టిన నేల అది. గుంటలు పడి, వాటిల్లో మూత్రం నిలిచి కంపు కొట్టేది. నేను వేసిన ప్లానులో గరుకు కాంక్రీటు, దాని మీద వేలు పట్టేంత గాడులు, కాలువ వైపు కొద్దిపాటి వాలు పెట్టాను. వాలును మా పనిలో స్లోపు అంటాం. కాసీం సాబు విని, "ఇది నడుస్తాది," అన్నాడు.

కొత్త యజమాని మురళీధర్ గారు వేరే ఊరినుంచి వచ్చి ఆ స్థలం కొన్నారు. మంచి మర్యాదస్తుడు. ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. ఒకరోజు వచ్చి ఫోనులో ఎక్కడిదో విదేశీ గుర్రపుశాల ఫొటో చూపించారు. నేల అద్దంలా మెరుస్తోంది.

"మనకు ఇలా కావాలి మేడమ్. కడప బండ పక్కనే దొరుకుతుంది కదా. నల్లటిది, పాలిష్ చేసింది వేయిద్దాం."

"గుర్రాలు జారతాయి సార్," అన్నాను.

"మన ఇళ్లలో వేసుకుంటున్నాం కదా. మనం జారుతున్నామా?"

పక్కనే ఉన్న కాసీం సాబు అందుకున్నాడు. "మన కాళ్లకు ఇనప నాడాలు లేవు కద సార్. పండుకున్న గుర్రము లేసేటప్పుడు ఎనక కాళ్లతో నేలను తంతాది. అది తన్నినప్పుడు నేల పట్టు ఇయ్యల్ల. పట్టియ్యకుంటే తొంటి ఇరుగుతాది."

మురళీధర్ గారు నవ్వారు. "సాబూ, గుర్రాల సంగతి నీకు తెలుసు. నేల సంగతి ఇంజనీరు గారికి వదిలెయ్యి."

ఇద్దరూ నావైపు చూశారు. వద్దు అని చెప్పాల్సిన చోటు అది. చెప్తే ఏమయ్యేది? మహా అయితే నా స్థానంలో ఇంకొకరిని పంపమని ఆఫీసుకు ఫోను చేసేవారు. ఆ ఒక్క భయం నాకు చాలింది. ఆడమనిషికి పని అప్పజెబితే యజమానితో పేచీ పెట్టుకుని వచ్చిందంటారని అప్పటికప్పుడే ఊహించేసుకున్నాను.

"రబ్బరు మ్యాట్లు పరిస్తే సరిపోతుందేమో సార్," అన్నాను.

"చూశావా సాబూ, దారి ఉంది," అన్నారాయన.

కాసీం సాబు చాందినీని తోలుకుని అవతలికి వెళ్లిపోయాడు. నేను నా అభ్యంతరం కాగితం మీద కూడా పెట్టలేదు. కనీసం బండల మీద ఉలితో గాట్లు కొట్టిద్దామని రాసి ఉండాల్సింది. మెరుపు పోతుందని యజమాని ఒప్పుకోకపోయినా, రాసిన మాట అక్కడ ఉండేది.

పని బాగా జరిగింది. ఈ మాట రాయడానికి కష్టంగా ఉన్నా నిజం అదే. కప్పు కొత్తగా వేశాం, చూరు సందులు అలాగే ఉంచాం, రింగు శుభ్రమైంది. ఇసుక పోసిన రోజున కాసీం సాబు చెప్పులు విప్పి అందులో నడిచి చూశాడు. నల్లబండలు పరిచి, గదుల్లోనూ నడవలోనూ మ్యాట్లు వేశాం. మూడు నెలలపాటు ఏ గుర్రానికీ ఏమీ కాలేదు. నేను పెట్టిన మధ్యేమార్గం మంచిదేనని నాకు నేనే చెప్పుకున్నాను.

ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం. కర్నూలు నుంచి పెద్దమనుషులు, ఫొటోలు తీసేవాళ్లు వస్తున్నారు. పొద్దున నేను వెళ్లేసరికి నడవలో మ్యాట్లు లేవు. ఫొటోల్లో బండ కనబడాలని మురళీధర్ గారు తీయించారు. అంతటితో ఆగకుండా కడిగించారు కూడా. నేలలో పైకప్పు దూలాలు కనిపిస్తున్నాయి.

పది గంటలకు చాందినీని అలంకరించి బయటికి తెమ్మన్నారు. కాసీం సాబు గది తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"రాయి తడిగా ఉండాది సార్. ఆరినంక తెస్తా."

"అందరూ ఎదురు చూస్తున్నారు సాబూ. పది అడుగులే కదా."

"ఆ మ్యాట్లన్నా ఎయ్యమనండి."

"ఇప్పుడా? ఊరికే భయపడకు."

అప్పుడు కాసీం సాబు నన్ను చూశాడు. "అమ్మా, నువ్వు జెప్పు. నేల నీదే కద."

అంతమంది మధ్య నేను చెప్పిన మాట ఇది: "మెల్లగా నడిపించండి సాబూ, ఏం కాదు."

ఆరో అడుగో ఏడో అడుగో వేసింది. బయట బ్యాండు మొదలయ్యేసరికి చాందినీ ఉలిక్కిపడి పక్కకు తిరిగింది. వెనక కాళ్లు రెండూ రెండు దిక్కులకు జారిపోయాయి. లేవబోయి మళ్లీ జారింది, ఇంకోసారి లేవబోయింది. నాడాలు బండ మీద గీసుకున్న ఆ చప్పుడు ఎలాంటిదో నేను చెప్పలేను. కాసీం సాబు దాని మెడ మీద పడుకుని, "వద్దమ్మా, లేవొద్దు, లేవొద్దు" అంటూ అదిమి పట్టుకున్నాడు. మేం పరుగెత్తి మ్యాట్లు తెచ్చాం. పది నిమిషాల ముందు తెచ్చి ఉండాల్సినవి.

పశువుల డాక్టరు వచ్చి తొంటి ఎముక విరిగిందన్నారు. రెండు రోజులు ప్రయత్నించారు. పెద్ద జంతువు కాళ్ల మీద నిలబడలేకపోతే దాని బరువే దాన్ని లోపల నలిపేస్తుందట. మూడోరోజు ఇంజెక్షను ఇచ్చారు. అప్పటిదాకా కాసీం సాబు దాని పక్కనుంచి లేవలేదు. ఆ మూడు రోజుల్లో నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి నాలుగు మాటలన్నా బాగుండేదనిపించింది.

వారం తర్వాత మురళీధర్ గారు నన్ను పిలిచారు. ఎప్పటిలాగే మర్యాదగా కాఫీ ఇప్పించారు.

"మేడమ్, నేల ప్లాను ప్రకారమే వేశామని, గుర్రాన్ని పట్టుకున్న మనిషి అదుపు చేయలేకపోయాడని ఒక రిపోర్టు ఇవ్వండి. మీ కంపెనీకి మాట రాకూడదు కదా."

మొదటి సగం నిజం. మార్చిన ప్లాను ప్రకారమే వేశాం. ఆ నిజం వెనక దాక్కుని రెండో సగం కూడా రాశాను. కింద సంతకం పెట్టాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆఫీసులో మెచ్చుకునేవారు. ఆ కాగితం మీద కూడా అంతే అందంగా ఉన్నాయి.

దాన్ని చూపించి కాసీం సాబును పనిలోనుంచి తీసేశారు. ఆ రెండు గదులూ ఖాళీ చేయించారు. ఈ సంగతి నాకు నెల తర్వాత తెలిసింది. వెతుక్కుంటూ కర్నూలు పాతబస్తీలో ఆయన కూతురింటికి వెళ్లాను. గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ గోడలు, కాలువ, ఆటోలు. ఆ మనిషిని గుర్రాలు లేని చోట చూడటం అదే మొదలు.

"నేను ఇంకో కాగితం రాస్తాను సాబూ. జరిగింది జరిగినట్టు రాస్తాను," అన్నాను.

ఆయన "ఇప్పుడు రాస్తే ఎవరు సదవాలమ్మా? చాందినీ సదువుతాదా?" అన్నాడు.

"నాకు భయమేసింది సాబూ."

"నాకూ ఏసింది. అయినా నేను జెప్తి గద. రెండుసార్లు జెప్తి. నువ్వు సదువుకున్నదానివి, నువ్వొక్కసారి జెప్పింటే చాలు. నీ మాట ఇంటాడని నేను ఊరుకుంటి."

కూతురు టీ తెచ్చింది. ఆయన తాగమన్నాడు, నేను తాగాను. లేచి వచ్చేటప్పుడు మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.

అయినా మురళీధర్ గారికీ మా ఆఫీసుకూ ఉత్తరం రాశాను. నేల గురించి, మ్యాట్ల గురించి, ఆ రోజు నేనన్న మాట గురించి. మురళీధర్ గారు జవాబివ్వలేదు. మా కంపెనీ నన్ను బద్వేలులో ఒక గోడౌను పనికి మార్చింది. మరుసటి ఏడు మిగిలిన అయిదు గుర్రాల్నీ అమ్మేసి, ఆ శాలను ఫంక్షన్ హాలు చేశారు. నల్లబండల మీద కుర్చీలు వేసి భోజనాలు పెడుతున్నారు. నేల చాలా బాగుందని అందరూ అంటారట.

ఇప్పుడు నేను సొంతంగా పనులు చేస్తున్నాను, ఎక్కువగా పశువుల కొట్టాలు, డెయిరీ షెడ్లు. యజమానితో మాట్లాడేముందు అక్కడ రోజూ పేడ ఎత్తే మనిషి ఎవరో కనుక్కుంటాను. ఆ మనిషి కాదన్నదాన్ని నేనూ కాదంటాను, అందరి ముందే అంటాను, కాగితం మీదా రాస్తాను. ఇందువల్ల రెండు పనులు చేజారాయి. దీన్ని ధైర్యమని ఎవరైనా మెచ్చుకుంటే నాకు కష్టంగా ఉంటుంది. నేను వద్దనాల్సిన రోజు ఒకటే ఉండింది. ఆ రోజు ఒక ముసలాయన అంతమందిలో నన్నే అడిగాడు. ఏం కాదని చెప్పాను.